పల్నాటి బావిలో బొంగరపు గవ్వ

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో మా పక్కింటి చలమయ్య బాబాయిగారు మిరపకాయల బేరం మీద గురజాల వెళ్ళి వచ్చి, మా అరుగు మీద కూర్చుని ఒక కబురు చెప్పారు. కారెంపూడి దారిలో ఒక రైతు బావి తవ్విస్తుంటే రాతి శంఖం బయటపడిందట. దేవుడు వెలిశాడని పని ఆపేశారట. నేను గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెబుతాను. బాపట్లలో పుట్టి, సూర్యలంక ఇసుకలో గవ్వలు ఏరుకుంటూ పెరిగినదాన్ని. శంఖం అనగానే అది ఎలా ఉందని అడిగాను. "శంఖమంటే శంఖం కాదమ్మాయ్. అచ్చం బొంగరం. పైన వెడల్పు, కింద మొన. ఒక పక్కన కత్తితో గీసినట్టు సన్నటి చీలిక" అన్నారాయన. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కారణం చెప్పాలి. ఆయన వర్ణించిన ఆకారం ఒక్క జాతి సముద్రపు నత్తకే ఉంటుంది. లాటిన్ భాషలో దాన్ని కోనస్ అంటారు. మన తీరంలో ఇప్పటికీ బతికున్న నత్త అది. పల్నాటి నాపరాళ్ళేమో భూమి మీద గవ్వ అనేది పుట్టకముందే పేరుకున్నవనీ, వాటిలో ఇంతవరకు ఒక్క గవ్వ జాడ కూడా దొరకలేదనీ నేను చదువుకున్నాను. ఆ గవ్వ నిజంగా ఆ రాతిలోనిదే అయితే మా పుస్తకాలు తిరగరాయాలి. కాకపోతే సముద్రానికి ఇంత దూరంలో, బావి అడుగుకు ఎలా చేరింది? సమాధానం ఏదైనా సరే, కళ్ళారా చూడకుండా ఉండలేననిపించింది.

మాచర్ల వెళ్ళే చిన్న బండి పొద్దున్నే గుంటూరులో బయలుదేరుతుంది. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల లోపే. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్క చోటు కావాలంటే కాస్త ముందుగా వెళ్ళాలి. సత్తెనపల్లి దాకా నల్లరేగడి, పిడుగురాళ్ళ దాటాక పలకలు పలకలుగా రాయి. చేల గట్లూ ఆ పలకలే, ఇళ్ళ గోడలూ ఆ పలకలే. భోజనాల వేళకు గురజాలలో దిగేసరికి ఎండ నెత్తిన కూర్చుంది. స్టేషను బయట మస్తాన్ సాహెబు జట్కా మాట్లాడుకున్నాను. రానూ పోనూ మూడు రూపాయలన్నాడు. నా చేతిసంచీలో గలగలలు విని, "ఏందమ్మా అయ్యి, గోలీలా?" అని అడిగాడు. పోల్చి చూడటానికి తెచ్చుకున్న సూర్యలంక గవ్వలని చెప్పాను. "గవ్వను చూసేదానికి గవ్వల్ని ఏసుకుని పోతన్నారా!" అని దారంతా నవ్వుకున్నాడు.

రైతు పేరు కోటయ్య. ముప్పై ఏళ్ళుంటాయేమో, ముఖంలో నిద్రలేదు. ఆయన భార్య నాగమ్మ అప్పుడే నాగులేరు నుంచి బిందె మోసుకొచ్చి దించుతోంది. వాగులో చెలమ తీసి నీళ్ళు తోడుకోవాలి, అదీ రోజురోజుకూ అడుక్కి పోతోంది. బావి సగం లోతులో ఆగిపోయింది. ఎద్దులు గాడి దగ్గర నాలుకలు చాపి నిలబడ్డాయి. "మా పెదనాయన గుడి కట్టాలంటన్నాడు. నాకేమో నీళ్ళు గావాల. ఏం జెయ్యాలో పాలుపోవట్లేదు పంతులమ్మగారూ" అన్నాడు కోటయ్య. ఆ పెదనాన్న వీరయ్యగారు పంచలో మంచం మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు. ముట్టుకోవచ్చా అని అడిగాను. "కాళ్ళు కడుక్కుని ముట్టుకో" అన్నారు.

దేవుడి గూట్లోంచి నాగమ్మ దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పసుపూ కుంకుమా పూసి ఉన్నాయి. బొటనవేలంత పొడవు, చేతికి రాయి బరువు. నా గవ్వలు పక్కన పేర్చుకుని భూతద్దం తీశాను. కోనస్‌ను గుర్తుపట్టడానికి ముందు తలవైపు చూడాలి. చుట్లు చుట్లుగా తిరిగే మెట్టు ఎంత ఎత్తు లేచింది, దాని కింద భుజం పదునుగా ఉందా గుండ్రంగా ఉందా అన్నది గమనించాలి. తర్వాత నోరు. అది పైనుంచి మొన దాకా ఒకే వెడల్పున, సన్నగా సాగాలి. అన్నీ సరిపోయాయి. ఇక ఏ రకం అన్నది మిగిలింది. బతికున్న గవ్వల్లో రంగునూ మచ్చలనూ బట్టి రకం చెబుతాం. రాయిగా మారినదానికి రంగుండదు. భుజం మీది బొడిపెల్ని, మొన దగ్గరి సన్నటి గీతల్ని నమ్ముకోవాలి. దీని భుజం నున్నగా ఉంది. గీతలు సగం అరిగిపోయాయి.

అప్పుడు రెండు సంగతులు కంటబడ్డాయి. గవ్వ నోట్లో గట్టిపడి ఉన్న మట్టి పసుపుపచ్చగా, ఇసుకగా ఉంది. దానిలో ఇంకా చిన్న చిన్న గవ్వల ముక్కలున్నాయి. మొన దగ్గర ఒక రంధ్రం. దాని అంచు ఒక వైపు నున్నగా, లోతుగా అరిగింది. ఏళ్ళ తరబడి దారం లాగితే పడే ఒరిపిడి అది. నేను లేచి బావి గట్టుకు వెళ్ళి తవ్విపోసిన రాళ్ళు చూశాను. నీలం కలిసిన నలుపు పలకలు, ఎక్కడా ఇసుక లేదు, గవ్వ ముక్క లేదు. నా గుండె కొంచెం జారింది. పుస్తకాలు తిరగరాసే పని తప్పిపోయింది. కానీ ఆ జారిన చోటే కొత్త ప్రశ్న లేచింది. ఇది ఎవరి మెడలోది?

దీన్ని మొదట చూసిందెవరని కోటయ్యను అడిగాను. బావిలో బండకు తూటా పెట్టి పేల్చిన మర్నాడు, కూలీలు తట్టలతో ఎత్తిపోసిన కుప్పలో వీరయ్యగారే చూశారట. ఆ కూలీలు పని ఎప్పుడు మొదలవుతుందా అని చేలో గుడిసె వేసుకుని ఎదురుచూస్తున్నారు. నేను వెళ్ళేసరికి గుడిసె దగ్గర పోలమ్మ అనే మనిషి ఒక్కతే ఉంది, మగవాళ్ళు కట్టెలకు వెళ్ళారు. నలభై ఏళ్ళు దాటిన మనిషి. మెడలో వట్టి నల్లదారం, తెగినచోట ముడి. నేను ఏమీ అడగకముందే ఆమె చెయ్యి ఆ ముడి మీదికి పోయింది.

"నీదేనా పోలమ్మా?" అన్నాను.

ఆమె చుట్టూ ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా, "మా నాయన తెచ్చాడమ్మా. మలయాళ దేశంలో రైలుకట్టకు రాళ్ళు కొట్టబోయినాడు. యాడో సముద్రం ఒడ్డున ఎర్రమట్టి గట్టు కింద దొరికిందంట. చిన్నప్పుడు నాకు మూర్ఛలొచ్చేయి. మెళ్ళో కట్టాడు, మూర్ఛలు మళ్ళా రాలా" అంది.

"మరి అడగలేదేం?"

"ఎట్టా అడిగేదమ్మా? తట్టలెత్తేటప్పుడు దారం తెగి కుప్పలో పడింది, నేను చూసేసరికే పసుపు రాసి గూట్లో పెట్టారు. నా మెళ్ళోదానికి ఆళ్ళు దణ్ణాలు పెట్టారని తెలిస్తే ఊరుకుంటారా? పని పోద్ది, తన్నులు గూడా."

నిజం చెబితే బావి సాగుతుంది, పోలమ్మ దొరికిపోతుంది. చెప్పకపోతే గుడి లేస్తుంది, నీళ్ళు రావు, కూలీలు వట్టి చేతులతో పోతారు. ఆమె పేరు లేకుండా, అది ఈ నేలది కాదని మాత్రం చెబుతానన్నాను. పోలమ్మ కొంగు దోపుకుని లేచింది. "నువ్వు చెప్పినా ఎవరిదని అడక్కుండా ఉంటారా? నేను గూడా వస్తా. నువ్వు పక్కనుంటే చాలు" అంది.

పంచలో నేను గవ్వనూ బావి రాతినీ పక్కపక్కన పెట్టి చూపించాను. గవ్వ నోట్లోని పసుపు మట్టి, బావిలోని నల్ల పలక. దారం ఒరిపిడి కోటయ్య భూతద్దంలో చూసి అవునన్నట్టు తలూపాడు. "అయితే ఎవురిది?" అన్నారు వీరయ్యగారు. "నాదయ్యా" అంది పోలమ్మ వాకిట్లోంచే. ఆయన ముఖం కందిపోయింది. "నీ మెళ్ళోదాన్ని మా దేవుడి గూట్లో పెట్టించి, నోరు మూసుకుని కూర్చున్నావంటే!" అని చేతికర్ర పట్టుకుని లేచారు. నేను అడ్డంగా నిలబడ్డాను. కోటయ్య పెదనాన్న భుజం పట్టుకున్నాడు.

ముందుకొచ్చింది నాగమ్మ. నా చేతిలోని గవ్వ తీసుకుని, తను వాగు నుంచి తెచ్చిన బిందెలోంచి నీళ్ళు వంచి పసుపంతా కడిగింది. ఆ ఇంట్లో ఆ నీళ్ళ విలువ ఎంతో నేను చూశాను. "మావా, తీసుకొచ్చి పెట్టింది మీరు. మొక్కింది మనం. ఆమె చేసిన తప్పేంది?" అని వాకిట్లోకి దిగి, గవ్వను పోలమ్మ చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "రేపు పొద్దున్నే గడ్డపారలు ఎత్తమను మీవాళ్ళను." వీరయ్యగారు కర్రతో నేలను ఒక్కసారి పొడిచి చేలోకి వెళ్ళిపోయారు. పోలమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ గవ్వను నాకిమ్మని అడగాలనిపించలేదంటే అబద్ధం. అడిగాను కూడా. "చూసుకో అమ్మా, ఎంతసేపన్నా చూసుకో. ఇయ్యమంటే మాత్రం ఇయ్యలేను" అంది పోలమ్మ. వేపచెట్టు నీడన ఆమె పక్కనే కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ దాని బొమ్మ గీశాను. నాగమ్మ జొన్నన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ ఇద్దరికీ పెట్టింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని, మర్నాడు మస్తాన్ సాహెబు జట్కాలో గురజాల చేరి గుంటూరు బండి ఎక్కాను. రోహిణి కార్తె రాకముందే బావిలో నీళ్ళు పడ్డాయని చలమయ్య బాబాయిగారు తర్వాత చెప్పారు. నీళ్ళలో ఉప్పు లేదట. వీరయ్యగారు మాత్రం ఇంకా కోటయ్యతో మాట్లాడటం లేదట.

నా బొమ్మ కింద 'కోనస్, రకం తెలియదు' అని రాసి ఉంది. తెలిసినవాళ్ళకు చూపిస్తే, అరిగిన గీతలతో అంతకంటే చెప్పలేమన్నారు. మొదట్లో ఆ 'తెలియదు' నన్ను గుచ్చేది. ఇప్పుడు ఆ కాగితం చూసినప్పుడల్లా మెట్టూ భుజమూ కంటే ముందు ఆ రంధ్రపు అంచే కనిపిస్తుంది. ఒక తండ్రి ముడి వేసిన దారం, ఒక కూతురు పని చేస్తుంటే ఊగి ఊగి రాతిని అరగదీసింది. ఏ సముద్రం ఎన్ని యుగాల కిందట దాన్ని పూడ్చిందో లెక్కకట్టే శాస్త్రం నాకు తెలుసు. ఈ అరుగుదలను లెక్కకట్టే శాస్త్రం తెలియదు.

రాతి గవ్వలు చూడబోయేవారికి ఒక్క సలహా. దొరికినది మీతో వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. తెల్లకాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు తీసుకెళ్ళి, తలవైపు నుంచి ఒకటి, నోటివైపు నుంచి ఒకటి, వీపువైపు నుంచి ఒకటి, మొత్తం మూడు బొమ్మలు అక్కడే గీసుకోండి. పక్కన ఒక అణా బిళ్ళ పెట్టి దాన్ని కూడా గీస్తే, గవ్వ ఎంతుందో చూసేవారికి తెలుస్తుంది.