చాచా అద్దాల గొడుగు

తొంభైల్లో శంషాబాద్ చౌరస్తాలో, మా ఇనుప సామాన్ల కొట్టు ఎదుట పంక్చర్లు వేసే చాచా ఉండేవాడు. సాతంరాయి నుంచి వచ్చే బడిపిల్లలు లారీల మధ్య రోడ్డు దాటుతుంటే చూడలేక, ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉండేవాడు. మొదట సైకిలు గంటలు కట్టిన తాడు అడ్డంగా లాగాడు. ఓ లారీ దాన్ని గంటలతో సహా ఈడ్చుకుపోయింది. తర్వాత ఎర్ర డబ్బాలు కట్టి అడ్డం పెట్టిన వెదురుగడను బస్సు విరిచేసింది.

"జర ఒక్కటే తక్కువైంది సేట్," అంటూ ప్రతిసారీ మా కొట్టుకు వచ్చేవాడు. నేను అమ్ముడుపోని సరుకు అంటగట్టేవాణ్ణి.

చివరికి గొడుగు చుట్టూ అద్దాలు వేలాడదీశాడు. నడిరోడ్డు మీద నిలబడి దాన్ని తిప్పితే ఆ మెరుపుకు లారీలు ఆగుతాయట. బేరగాణ్ణి కదా, లోపం వెంటనే పట్టేశాను.

"మనిషి నిలబడంగ ఇగ గొడుగెందుకు చాచా? నిన్ను చూసే ఆపుతరు."

"ఉత్తగ నిలబడితె పిచ్చోడంటరు సేట్. చేతుల గిదుంటె డ్యూటీ అంటరు."

బడి వేళకు వెళ్లి నిలబడ్డాడు. పట్నం వైపు లారీలు నిజంగానే ఆగాయి. పిల్లలు సగం దాకా దాటి, బెంగళూరు వైపు లారీలకు జడిసి ఆగిపోయారు. వాళ్లను వెనక్కి తెచ్చి చాచా నా దగ్గరికొచ్చాడు.

"జర ఒక్కటే తక్కువైంది. ఆ దిక్కు ఇంకో మనిషి."

తప్పించుకోవాలని గట్టిగానే బేరమాడాను. సాయంత్రం బడి వదిలేసరికి రెండో గొడుగు నా చేతిలో తిరుగుతోంది.