నాగవేణి కోరుకునే ‘అనుమతి లేదు’

పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాదనిపించుకోవడమే నాగవేణి ఉద్యోగం. మేం పనిచేసేది హోసూరులో మోటారు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో. పనివాళ్ళందరి పేర్లు, ఫోన్ నంబర్లు, షిఫ్టులు ఒక్కచోట దాచిపెట్టే డైరెక్టరీ సర్వర్ అక్కడ ఉంది. అందులో ఎవరు ఏది చూడొచ్చు, ఎవరు ఏది మార్చొచ్చు అన్న రూల్స్ సరిగ్గా ఉన్నాయా అని పరీక్షించేది ఆమె. ఒకసారి గుమాస్తాగా, ఇంకోసారి సూపర్‌వైజరుగా దొంగపేర్లతో లోపలికి పోయి, తనది కానిది అడుగుతుంది. తెర మీద ‘అనుమతి లేదు’ అని వస్తే ‘పాస్’ అని రాస్తుంది. ఇచ్చేస్తే ఫెయిల్.

పక్క కుర్చీలో కూర్చుని ఏళ్ళ తరబడి చూస్తున్నాను, మనిషి బాగా అలిసిపోయింది. మేమిద్దరం కృష్ణగిరి నుంచి కంపెనీ బస్సులోనే వస్తాం. సీట్లో కూర్చోగానే ఆమెకు కళ్ళు మూతలు పడతాయి. ఇంట్లో అత్తగారి మందుల నుంచి మొగుడి చెప్పుల దాకా అన్నీ ఆమెనే అడుగుతారట. ఆఫీసులో రోజంతా చూసే ఆ రెండు ముక్కలు ఇంట్లో ఎందుకు చెప్పవని ఒకసారి ఆటపట్టించాను. “అది చెప్పేది నాకింకా రాలేదప్పా” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆ నిద్ర చెడగొట్టింది గౌరి. కుందారపల్లిలో బస్సు ఎక్కే పిల్ల, అసెంబ్లీ లైనులో పని. ఎవడో ఆమెకు ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి, తిన్నావా, పడుకున్నావా అని అడుగుతున్నాడు. సిమ్ మార్చింది. కొత్త నంబరు ఫ్యాక్టరీలో ఇచ్చిన వారానికే మళ్ళీ మొదలు. మళ్ళీ మార్చింది. ఈసారి నంబరు ఇవ్వాలంటేనే వణుకుతోంది. ఇవ్వకపోతే షిఫ్టు మెసేజి రాదు.

“ఈ సిమ్‌కు గూడా వాడు చేసినాడంటే ఫ్యాక్టరీ వద్దు, మేకలు కాసుకో అన్నాడక్కా మా నాయన” అంది. వాళ్ళ నాన్న ఆంజప్ప అన్న మాట మీద నిలబడే మనిషి.

నంబరు ఎక్కడి నుంచి పోతోందో నాగవేణికి తెలుసు. అంతకు కొన్నాళ్ళ ముందే, ఏ సంబంధమూ లేని విభాగం సూపర్‌వైజరు పేరుతో లోపలికి పోయి అడిగితే సర్వర్ ఆడవాళ్ళ నంబర్లు అడిగినన్ని ఇచ్చేసింది. ఫెయిల్ అని రాసి మేనేజరు యతీశ్‌కు పంపింది. ఆయన ‘చిన్న తప్పు’ అని గుర్తు పెట్టి పక్కన పడేశాడు. గౌరి సంగతి చెప్పుకోవడానికి మళ్ళీ పోయింది. వచ్చే నెల చూద్దామమ్మా, ఇప్పుడు పెద్ద పనులున్నాయి అన్నాడట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నాకు ఒళ్ళు మండింది. ఆమెకు మండే ఓపిక కూడా లేదు.

మరునాడు బస్సులో నాగవేణి కళ్ళు మూసుకోలేదు. గౌరి ఎక్కగానే పక్కన కూర్చోబెట్టుకుంది. క్యాంటీన్ దగ్గర పనివాళ్ళ కోసం పెట్టిన కంప్యూటరులో ఎవరి నంబరు వాళ్ళు మార్చుకోవచ్చని చెప్పింది. “నీ పేరు కింద మా సార్ నంబరు పెట్టు. షిఫ్టు సంగతి రోజూ నేను చెప్తాను” అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

రెండు రోజులకు యతీశ్ కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఎవడో రాత్రంతా ఫోన్ చేసి గౌరీ గౌరీ అంటున్నాడట. ఆయన అరిస్తే పెట్టేస్తాడట, కాసేపటికి మళ్ళీ చేస్తాడట. ఇంట్లో గౌరి ఎవరని భార్య నిలదీసిందట. డైరెక్టరీలో గౌరి పేరు కింద నా నంబరు ఎవరు పెట్టారని మా ఇద్దరినీ అడిగాడు.

“ఎవరి నంబరు వాళ్ళు మార్చుకోవచ్చని రూల్ ఉంది సార్. ఆ టెస్టు పాసయింది” అంది నాగవేణి. “ఫెయిలయిన టెస్టు మీ టేబుల్ మీదే ఉంది.”

తనదాకా వస్తేగాని తెలియదంటారు. వచ్చే నెల చూడాల్సిన పని ఆ మధ్యాహ్నానికే అయిపోయింది, నంబరు ఎవరు చూశారో సర్వర్‌లో వెతికి, ఫోన్ చేసినవాడిని గేటు బయట పెట్టడం కూడా. శుక్రవారం గౌరి తన అసలు నంబరు పెట్టింది. నాగవేణి పేరు తర్వాత పేరు మార్చుకుంటూ దానికోసం అడిగింది. సూపర్‌వైజరుగా అడిగింది, గుమాస్తాగా అడిగింది, చివరికి సొంత పేరుతోనూ అడిగింది. అన్నిటికీ ‘అనుమతి లేదు’. పాస్ అని రాసి, తల టేబుల్ మీద ఆనించింది.

శని, ఆదివారాలు సెలవు. గౌరికి ఫోన్ వచ్చిందో లేదో కనుక్కుందామంటే ఆ నంబరు నాగవేణి దగ్గర లేదు. ఎప్పుడూ అడిగి తీసుకోలేదు. సర్వర్ ఇక చెప్పదు. లోపల అలాంటివాడు వాడొక్కడేనా, ఇంకెవరైనా ఉన్నారా అని ఆమెకు భయం.

సోమవారం కృష్ణగిరి దాటినప్పటి నుంచి ఆమె కిటికీకి అతుక్కుపోయింది. కుందారపల్లి స్టాపులో నలుగురు ఎక్కారు, గౌరి లేదు. డ్రైవరు గేరు వేశాడు. “ఒక నిమిషం ఆపప్పా” అని నాగవేణి లేచి నిలబడింది. ఆ మనిషి గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

సర్వీసు రోడ్డు మీద టిఫిన్ డబ్బా పట్టుకుని గౌరి పరుగెత్తుకుంటూ వస్తోంది. ఎక్కి, ఆయాసపడుతూ పక్కన కూర్చుంది.

“ఎవరూ చేయలేదక్కా. మా నాయన గూడా ఫోన్ దగ్గరే కూర్చున్నాడు.”

గౌరి నాగవేణి ఒళ్ళోని ఫోన్ తీసుకుని, తన నంబరు తానే కొట్టి, పేరు రాసి తిరిగి ఇచ్చింది.

“ఇది నీకు మాత్రమే అక్కా” అంది.

శూలగిరి రాకముందే నాగవేణి నిద్రపోయింది. ఫోన్ చేతిలోనే ఉంది.