పుట్టిలో పులి ఉన్న అట్టబొమ్మ

పోయిన నెల ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం నిలబడి, పత్రికల అంగడిలో వేలాడుతున్న ఒక బొమ్మల కథల పత్రికను చూసి నాకు ఒళ్ళు మండింది. ముఖచిత్రం పాతది. రంగులు కాస్త తేటపరచి, పత్రిక పేరు కొత్త అక్షరాలతో వేసి, మూలన ‘మీ బాల్యం మళ్ళీ మీ చేతుల్లోకి’ అని అచ్చేశారు. బొమ్మ మాత్రం అదే. పొంగుతున్న ఏటి నడుమ ఒక గుండ్రటి పుట్టి. అందులో తెడ్డు పట్టుకున్న పదేళ్ళ పిల్ల. ఆమెకు ఎదురుగా, తోకను ఒళ్ళో పెట్టుకొని బుద్ధిగా కూర్చున్న పులి.

ఆ బొమ్మ మా అక్కది. గీసింది ఆమె కాదు, కొన్నదీ ఆమె కాదు, అయినా ఆమెదే. అక్క పోయి కొన్నేళ్ళయింది. ఆమె వస్తువులు ఏవీ నా దగ్గర లేవు, ఈ బొమ్మకు ఆమె చెప్పిన కథ తప్ప. ఆ కథకూ చివర లేదు.

“తీసుకోమ్మా, శానా బాగా పోతాంది,” అన్నాడు అంగడతను. “కొత్త బొమ్మ ఏసినప్పుడు కట్ట ఇప్పకుండానే ఎనక్కి పంపిస్తాంటిమి. ఇప్పుడు పాతవి ఏస్తాండారు, పెద్దోళ్ళే కొంటాండారు.”

పెద్దోళ్ళు అన్న మాట నా నెరిసిన తల చూసే అన్నాడని తెలుసు. కొన్నాను. తెరవకుండా సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

మేము పెరిగింది జమ్మలమడుగులో. నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. నెలనెలా పత్రిక కొనే ఇల్లు కాదు మాది. బజారు వీధి చివర అద్దె పుస్తకాల అంగడి ఉండేది. అది నడిపే సాయిబును మేమంతా మామా అనేవాళ్ళం. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త పత్రిక రాగానే మొదట అట్ట చించేసేవాడు. లోపలి పుస్తకాలను నాలుగైదు కలిపి, దబ్బళంతో పురికొస కుట్టు వేసి, గోధుమరంగు కాగితం వేసి అద్దెకిచ్చేవాడు. చించిన అట్టలనేమో మైదాపిండి జిగురుతో అంగడి చెక్క తలుపుల మీద, గోడల మీద అతికించేవాడు. ఎందుకు మామా అని అడిగితే, “అట్ట చూసేదానికి, లోపలిది చదివేదానికి. రెండూ ఒకరికే ఇచ్చేస్తే అంగడికి ఎవరొస్తారు?” అనేవాడు.

అందువల్ల మా ఊరి పిల్లలకు అట్టబొమ్మ వేరు, కథ వేరు. రెండింటికీ సంబంధం ఉంటుందని మాకు తెలియదు. ఒకసారి ప్రొద్దుటూరులో మా మేనత్త ఇంట్లో, అట్ట ఊడని పత్రిక మొదటిసారి చేతికొచ్చింది. అట్ట మీద ఉన్న రాక్షసుడే లోపలి కథలోనూ కనిపించేసరికి నేను మోసపోయినట్టు అలిగాను. ఇంత చప్పగా ఉంటుందా అనిపించింది. ముందే బొమ్మ చూపించేస్తే ఇక చదవడం ఎందుకు?

అంగడి గోడ మీది బొమ్మలకు కథలు చెప్పేది మా అక్క. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. బడి నుంచి వచ్చేటప్పుడు ఆ గోడ దగ్గర ఆగి ఒక బొమ్మ ఎంచుకునేది, ఇల్లు చేరేలోపల దాని కథ ముగించేది. రాజులూ మంత్రగత్తెలూ మా వీధి మలుపు దాటకముందే చచ్చిపోయేవాళ్ళు. పుట్టిలో పులి కథ ఒక్కటే అలా అయ్యేది కాదు. పిల్ల పులిని ఏరు దాటించాలి, అంతే కథ. కానీ ఆ పులికి నీళ్ళంటే భయం. పిల్ల తెచ్చుకున్న బొరుగులన్నీ తనే తినేస్తుంది. కాళ్ళు నొప్పులంటుంది, కూర్చునే ఉండి. తెడ్డు రెండుసార్లు వేస్తే చాలు, “ఇంకెంత దూరం?” అని అడుగుతుంది.

ఆ పులి ఎవరో నాకు తెలియకపోలేదు. బొరుగుల పొట్లం ఖాళీ చేసేదీ, నా పుస్తకాల సంచి అక్క భుజాన తగిలించేదీ, ఇంకెంత దూరమని ఏడిపించేదీ నేనే. నేను ఉడుక్కుంటే అక్క పగలబడి నవ్వేది. ఇల్లొచ్చేది, కథ ఏటి నడుమనే ఆగిపోయేది.

“చివరికేమైతాదో చెప్పుక్కా.”

“ఉండుమే. నడియేట్లో ఉంటే దిగమంటావేంది?”

ఆమె పెళ్ళయి పులివెందులకు పోయింది. నాకు ప్రొద్దుటూరు బడిలో ఉద్యోగం వచ్చింది. పిల్లలు, పనులు, చీనీతోటల గొడవలు ఆమెకు. పరీక్ష పేపర్లు నాకు. అయినా ఎప్పుడు కలిసినా ముందు నేనడిగేది అదే. పులి యాడుందక్కా? ఇంకా నడియేట్లోనే, అనేది. మా ఇంటి మగవాళ్ళకు అది ఏం భాషో అర్థమయ్యేది కాదు. ఆఖరిసారి ఆమె మంచంలో ఉండగా కూడా నవ్వించాలని అడిగాను. కొంచెంసేపు నా మొహం వైపు చూసి, “ఈసారికి వద్దులే మే, అలుపుగా ఉంది,” అంది. ఆ తర్వాత అడగడానికి మనిషి లేదు.

ఎర్రగుంట్ల దాటాక సంచిలోంచి పత్రిక తీశాను, మళ్ళీ పెట్టేశాను. పాత ముఖచిత్రాన్ని మళ్ళీ వాడుకోవడం తప్పా? తప్పే అనడానికి నా దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి. ఈ నెల బొమ్మ వేయాల్సిన మనిషి ఎక్కడో చేతులు ముడుచుకొని కూర్చుని ఉంటాడు. పాత బొమ్మ గీసినాయన పేరు ఎక్కడా వేయలేదు. మా బాల్యం మాకు అమ్మడానికి వీళ్ళెవరు? వీరపునాయునిపల్లెలో బస్సు ఆగేసరికి సంపాదకుడికి నాలుగు పేజీల జాబు మనసులోనే రాసేశాను.

కానీ నా అసలు బాధ అది కాదు. లోపల ఆ బొమ్మకు కథ ఉంటుంది. మామ చించేసిన అట్టకు అతికి ఉండిన అసలు కథ. చదివితే ఆ పిల్లకు ఒక పేరు వస్తుంది, పులికి ఏదో శాపం ఉంటుంది, చివరికి రాజకుమారుడవుతుంది. అక్క కథ ఉత్తదైపోతుంది. చదవకపోతేనో, చివర తెలియకుండానే నేనూ పోతాను. ఎటూ తేల్చుకోలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్క పక్కన ఉంటే బాగుండునని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

పులివెందులలో అక్క కూతురు నా చేతిలో సంచి అందుకొని, కూరగాయలేమో అనుకొని బోర్లించింది. పత్రిక బయటపడింది. నేను వద్దనేలోపలే తెరిచి పేజీలు తిప్పేసింది.

“లోపల పులే లేదే చిన్నమ్మా. ఇదేదో కోతుల కథ. బొమ్మ ఒకటి, కథ ఒకటి. ఇట్లా ఏస్తారా యాడైనా?”

నాకు నవ్వొచ్చింది. ఊపిరి కూడా తేలికపడింది. పాత బొమ్మలు మళ్ళీ వేయడం మీద నా కోపమంతా ఆమె ముందు వెళ్ళగక్కాను. ఆమె మంచినీళ్ళిచ్చి తీరిగ్గా విన్నది.

“చెప్పిన కథే మళ్ళా మళ్ళా చెప్పుకుంటాం గదా. బొమ్మ మళ్ళా ఏస్తే ఏమి? అమ్మ ఈ పులి కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.”

గ్లాసు కింద పెట్టాను. ఆ కథ నాకూ అక్కకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను. దాచడమెందుకు, చిన్నపిల్లలా అసూయ పడ్డాను.

“చివర కూడా చెప్పిందా?”

“చెప్పకుండా ఎట్లుంటాది? పులిని ఒడ్డు చేరుస్తాది. పులి ముందు దుంకి, ఎనక్కి తిరిగి, నువ్వూ దిగు అంటాది. ఆ పిల్ల దిగదు. నిన్ను దాటించేవరకే నా పని అని పుట్టి తిప్పుకొని పోతాది. పులి ఆన్నే కూచ్చోని, కనపడినంతసేపూ చూస్తాంటాది. అంతే.”

ఆమె మామూలుగానే చెప్పింది, పత్రిక మడిచి బల్ల మీద పెడుతూ.

“మరి నాకెందుకు చెప్పలేదు మీయమ్మ?”

“నేనూ అడిగినా. చెప్తే మీ చిన్నమ్మ ఏడుస్తాది, దానికి నడియేట్లోనే బాగుంటాదిలే అనింది.”

ఏడ్చాను. నాకు నడియేట్లోనే బాగుండేది.