ఇంట్లో ఎవరూ పలకని పేరు

మా అన్న బతికుండగానే ఆయన్ని చచ్చినవాళ్ల కింద రాసేశారు. రాసింది కంప్యూటరు. దానికి దారి చూపినవాళ్లలో నేనొకణ్ణి.

బంగారు గనిలో రాతిదుమ్ము మింగి ఊపిరి చెడిన ముసలివాళ్లకు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ధర్మాసుపత్రి కార్డులిచ్చింది. కార్డుంటే ఆక్సిజన్ సిలిండరు ఇంటికే వస్తుంది. పాత రిజిస్టర్లలో పేర్లను తమిళ గుమాస్తా ఒక తీరున, కన్నడ గుమాస్తా ఒక తీరున రాశారు. ఒకే మనిషి రెండు మూడు చోట్ల ఉన్నాడు. వాటిని కలిపే సాఫ్ట్‌వేర్ ఎంచడానికి నన్ను పిలిచారు, గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు బిళ్ల ఇచ్చే టోకెన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణని.

నా చదువు ఏడో తరగతి. మిగతాది లైబ్రరీలో నేర్చుకున్నదే. ఒక పద్ధతి రెండు పేర్లకు ఎన్ని అక్షరాల తేడా ఉందో లెక్కపెడుతుంది. ఇంకొకటి పలుకును బట్టి గుంపులు కడుతుంది. అది ఇంగ్లీషు నోళ్ల కోసం చేసింది, మనకొద్దన్నాను. మొదటిదే తీసుకుని, పోలిక హద్దు కాస్త వదులుగా, రెండక్షరాల తేడా ఉన్నా ఒకరే అనుకునేలా పెట్టమన్నాను. కలిపిన ప్రతి జంటనూ ఒక మనిషి చూడాలని కూడా రాసిచ్చాను. మొదటి మాట విన్నారు. రెండోదానికి మనుషులు లేరన్నారు.

నాకు సరిచూడమని ఇచ్చిన పేర్ల జాబితాలో మా అన్న, మా పెదనాన్న కొడుకు పక్కపక్కనే ఉన్నారు. వేలు పెట్టి, ఇద్దరిదీ ఒకే పేరని తట్టకుండానే దాటిపోయాను. మా వైపు పెద్ద మనవడికి తాత పేరే పెడతారు. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ తమ పెద్దకొడుక్కి అదే పెట్టారు. మామగారి పేరు కోడళ్లు పలకరు గనుక ఇంట్లో మా అన్న ఎర్రోడు, పెదనాన్న కొడుకు నల్లోడు. డెబ్బై ఏళ్లలో ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. తండ్రుల పేర్లకూ తేడా రెండక్షరాలే.

నల్లోడు పోయిన నెలకు ఆసుపత్రివాళ్లు రిజిస్టర్లన్నీ కలిపారు. సిలిండరు ఆటో మా అన్న ఇంటికి రావడం మానేసింది. వెళ్లి అడిగితే కౌంటర్లో అమ్మాయి తెర చూసి, ఆయన పోయినారు కదా తాతా అంది.

ఆ మాట విని, పక్కనే ఊరిగాంలో, గని కూలీల లైను ఇంటి మంచం మీద కూర్చుని అన్న నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"ఏమిరా, నువ్వు ఎంచిన మిషన్‌కి నేనూ నల్లోడూ ఒకటే అంటనా? వాడు పోయినాడు, నేను ఉండానని చెప్పురా. టోకెన్ నంబరు చూడమను. గనిలో చీకట్లో కూడా మమ్మల్ని చూసి ఎవురూ పొరబడలే."

టోకెన్ నంబర్లు కంప్యూటర్లో ఎక్కించనేలేదు. ఎక్కించమని అడగాల్సింది నేను.

ఆసుపత్రికి నాలుగు ఉత్తరాలు రాశాను. సిలిండర్లు కోలారు నుంచి నేనే తెచ్చేవాణ్ణి. ఒకసారి రెండు రోజులు దొరకలేదు. ఆ రెండో రోజు పొద్దున అన్న పోయాడు.

కర్మాంతరాలు అయ్యాక జవాబు వచ్చింది:

"తమ విన్నపాన్ని పరిశీలించి, మీ అన్నగారు జీవించి ఉన్నట్లు నమోదు చేయడమైనది. కార్డు కోసం ఆయన స్వయంగా రావలెను."