ఫ్రీజర్‌లో పెట్టిన మట్టి

2015 ప్రాంతంలో నేను ఒమన్ దేశంలోని సోహార్‌లో ఒక ఇండియన్ బడిలో సైన్స్ చెప్పేదాన్ని. ఆ ఏడు, ధ్రువాల దగ్గర గడ్డకట్టే టండ్రా నేలల పాఠం దగ్గర మా సైన్స్ హెడ్‌కీ నాకూ చెడింది. ఆయన నెల్లూరాయన. మంచివాడే గానీ, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"చలికాలమంతా ఆ నేల చచ్చి పడుంటుంది మేడమ్. అంతే రాయించండి."

"చావదు సార్. గడ్డకట్టినప్పుడు మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు చస్తాయి. వసంతంలో మంచు కరగ్గానే బతికినవి వాటిని తింటాయి. అప్పుడు నత్రజని లవణాల రూపంలో ఒక్కసారిగా మట్టిలోకి బయటపడుతుంది. పిల్లలకు చేసి చూపిస్తాను."

"చూపించండి. కుదరకపోతే మాత్రం మీ ప్రాక్టికల్స్ పీరియడ్ రివిజన్‌కి ఇచ్చేయాలి."

ఆ పీరియడ్ పోతే నాకు మిగిలేది సుద్దముక్కే. సరేనన్నాను. ఖర్జూరం తోటలోంచి మట్టి తెచ్చి, తడిపి, రెండు డబ్బాల్లో సమంగా పోశాను. ఒకటి ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టాను, ఇంకొకటి వంటగట్టు మీద. కొన్నాళ్లకు ఫ్రీజర్ డబ్బాను బయటికి తీసి కరగనిచ్చాను.

క్లాసులో రెండు డబ్బాల మట్టినీ విడివిడిగా నీళ్లలో కలిపి, వాటిలో పరీక్ష కాగితాలు ముంచాను. నత్రజని ఎక్కువుంటే కాగితం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. తీరా చూస్తే గట్టు మీది మట్టి కాగితమే ముదిరింది! హెడ్ నవ్వు ఆపుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పాఠం తప్పని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇంట్లోనే ఏదో జరిగింది.

ఫ్లాట్‌లో నాతో ఉండేది భీమవరం నర్సు అక్క. వెళ్లగానే నిలదీశాను.

"గట్టు మీది డబ్బాలో కరివేపాకు మొక్క పెడతావనుకున్నానే! మట్టి ఎండిపోతోంది పాపం అని రోజూ కాస్త పుల్లమజ్జిగ పోశా."

"కొంప ముంచావు కదక్కా!"

మజ్జిగ పోస్తే కరివేపాకు ఏపుగా వస్తుందని మనవాళ్లలో ఎవరికి తెలీదు? మట్టిలోని జీవులు ఆ మజ్జిగ తిని నత్రజని వదిలాయి. కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. మర్నాడు హెడ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పి, ఇంకొక్క అవకాశం అడిగాను.

"ఇదే ఆఖరు మేడమ్," అన్నాడు.

మళ్లీ మొదలుపెట్టాను. అక్క డ్యూటీ నుంచి రాగానే ముందు డబ్బానే చూసేది, చెయ్యి మాత్రం పెట్టేది కాదు.

ఈసారి కరిగిన మట్టి కాగితం అందరూ చూస్తుండగానే ముదిరింది. గట్టు మీదిది లేతగానే ఉండిపోయింది. పిల్లలు బెంచీలెక్కి అరిచారు. నా సంబరం నేనూ దాచుకోలేదు. హెడ్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఇన్నేళ్లూ పిల్లలచేత తప్పు రాయించాను మేడమ్," అన్నాడు. "రేపు నా పీరియడ్ కూడా మీరే తీసుకోండి. నా క్లాసు పిల్లలకూ చూపించాలి."