బోనం ఏ గడప దాటాలి

ఆషాఢమాసం ఆదివారం పొద్దున్నే తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌లో, ఇండక్షన్ స్టవ్ మీద బోనం వండాను. ఆ స్టవ్ మీద మట్టికుండ పనికిరాదు. స్టీలు గిన్నెలో పాలు పోసి, బెల్లం వేసి అన్నం వండి, పసుపు కుంకుమలు పెట్టిన కొత్తకుండలోకి మార్చాను. మా అమ్మ మాతో ఉన్నన్నాళ్ళూ ఆ స్టవ్‌ను పొయ్యి అని ఒప్పుకోలేదు. కరెంటు పలక అనేది. అమ్మవారికి వండాల్సి వస్తే ముందు దానికో బొట్టు పెట్టి, "జర ఓర్సుకో తల్లీ" అని చెప్పుకునేది. నేనూ బొట్టు పెట్టాను గానీ ఆ మాట నా నోటికి రాలేదు.

అమ్మ పోయి ఏడాది దాటింది. సూతకం తీరింది కాబట్టి ఈసారి పండగ చేసుకోవచ్చు. బోనాలకు ఆడబిడ్డ పుట్టింటికి పోవాలి. నాకు పోవడానికి ఇల్లు లేదు. బోరబండలో నేను పుట్టిపెరిగిన రేకుల ఇల్లు నాన్న జబ్బులో, దవాఖాన ఖర్చుల కింద అమ్ముడుపోయింది. మా అమ్మాయి అప్పటికి ఇంకా చంకలో పిల్ల. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా ఆ గల్లీలో అడుగుపెట్టలేదు. "ఇల్లు లేని గల్లీకి ఏ మొఖం పెట్టుకొని పోవాలె?" అనేది. ప్రతి ఆషాఢంలోనూ బోనం వండి, వంటింటి గట్టు మీదే పెట్టి దండం పెట్టుకునేది. పిల్లలకు వాళ్ళ అమ్మమ్మ తెలుసు గానీ అమ్మమ్మ గల్లీ తెలియదు. అది నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఒక్కసారైనా నా పిల్లలు ఆ గల్లీలో నిలబడి, ఇది మాది అనుకోవాలి. ఆ ఏడు అమ్మవారిని నేను కోరదలుచుకున్నది అంతే.

"మన క్లబ్‌హౌస్‌లో చేస్తున్నారుగా, ఆ జనంలోకి పిల్లలెందుకు?" అన్నారు మావారు. వాళ్ళది గోదావరి వైపు. బోనాలంటే ఆయనకు ట్రాఫిక్ మళ్ళింపు. క్లబ్‌హౌస్‌లో చేసే మాట నిజమే. అక్కడ కుండలకు రంగులు బాగా వేస్తారు, దీపాలు బ్యాటరీవి, లోపల అన్నం ఉండదు. ఎత్తుకుంటే మెడ నొప్పెట్టదు, ఫోటోలు బాగా వస్తాయి. నాకు ఒళ్ళు మండిందని వేరే చెప్పక్కర్లేదు.

కారులో కుండను మా అమ్మాయి ఒళ్ళో పెట్టాను. దానికి పదకొండేళ్ళు. బడిలో ప్రాజెక్టు చేసిందట, బోనాలు ఎందుకు చేస్తారో దారి పొడుగునా నాకే వివరించింది. తల్లి పుట్టింటి సంగతి మేనమామకు చెప్పినట్టుంది ఆ వరస. దాని ఆరేళ్ళ తమ్ముడు మాత్రం ఒకటే ప్రశ్న మీద ఉన్నాడు, పోతరాజు కొరడాతో నిజంగా కొడతాడా అని. మావారు మమ్మల్ని రైల్వే స్టేషన్ దగ్గర దింపి, కారు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ పోయారు.

గల్లీ మొదట్లోనే వేపమండల తోరణాలు, మైకుల మోత, సన్నటి తుంపర. పేరు పేరునా పలకరిస్తారనుకున్నాను. సగం మంది నాకే తెలియదు. మా పాత ఇంటి ఎదురింట్లో ఉండే చిన్నమ్మ మాత్రం గుర్తుపట్టింది. రక్తసంబంధం ఏమీ లేదు, అమ్మకు చెల్లెలిలాంటిది. నన్ను కావలించుకుని, పిల్లల బుగ్గలు పుణికి, ఆ తర్వాత కుండ వైపు చూసింది.

"బోనం కారుల వచ్చిందా బిడ్డా?"

"ఇంట్లో వండుకొచ్చిన చిన్నమ్మా. ఇక్కడ దీపం ముట్టించి ఎత్తుకుంట."

"రోడ్డు మీదకెళ్ళి ఎట్ల ఎత్తుకుంటవ్? బోనమన్నంక ఒక గడప దాటాలె."

ఇన్నేళ్ళు ఈ గల్లీలో పెరిగినదాన్ని, అంత చిన్న సంగతి నాకు తోచనే లేదు. ఇల్లు ఉండగా ఆ అవసరమే రాలేదు. గడప అక్కడే ఉండేది, దాటేవాళ్ళం. నా చూపు తెలియకుండానే ఎదురు వైపు పోయింది. రేకుల ఇల్లున్న చోట నాలుగంతస్తుల మేడ, నున్నటి గ్రానైట్ మెట్టు, నల్ల గేటు. చిన్నమ్మ నా చూపు చూసింది.

"గాడ కిరాయికున్నోళ్ళు కొత్తోళ్ళు. మా ఇంట్లకెళ్ళి ఎత్తుకో, ఏంగాదు. నువ్వు నా బిడ్డవు కాదా ఏంది?"

చిన్నమ్మ వంటింట్లో కుండ దించి, పైన చిన్న మట్టి గురిగి పెట్టి, వేపమండలు చుట్టి, దీపం వెలిగించాను. ఆమె చేత్తో నా నెత్తి మీదికి ఎత్తింది. అన్నం బరువు మెడలోకి దిగింది. ఆమె గడప దాటి గల్లీలోకి వచ్చాను. ఎంత బాగా చూసుకున్నా పరాయి ఇల్లు పరాయి ఇల్లే.

బయటికి రాగానే పసుపు పూసుకున్న పోతరాజు చిందేస్తూ ఎదురొచ్చాడు. దారి పొడుగునా ధైర్యం పలికిన మా వాడు నా కుచ్చిళ్ళలో దూరి కనిపించకుండా పోయాడు. ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ తల కదల్చకుండా నవ్వడం మరిచిపోయి చాలా ఏళ్ళయింది. దీపం ఒకసారి ఊగింది.

బోనం ఎత్తుకున్న మనిషితో అమ్మవారు నడిచి వస్తుందని మావాళ్ళ నమ్మకం. అందుకే ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు చెంబుతో నిలబడి, ఆ వేడి చల్లారేట్టు కాళ్ళ మీద వేపాకు నీళ్ళు పోస్తారు. కొందరికి ఆ వేడి ఆగక పూనకం వస్తుంది. అప్పుడు బిందెలతో పోస్తారు. చిన్నప్పుడు వచ్చిపోయే బోనాలకు నీళ్ళు పోసే పని అమ్మది, చెంబు నింపి ఇచ్చే పని నాది. ఆ రోజు ఒక్కో గుమ్మం ముందు చల్లటి నీళ్ళు పడుతుంటే, పోసేవాళ్ళ చేతుల్నే చూస్తూ నడిచాను. అమ్మ చేతిలాంటి చెయ్యి ఒక్కటీ లేదు.

గల్లీ అంతా ఒక చుట్టు తిరిగి నల్ల గేటు ముందుకు వచ్చేసరికి ముందర డప్పులవాళ్ళు ఆగారు. గేటు దగ్గర ఒకామె పసిబిడ్డను ఎత్తుకుని చూస్తోంది. చేతిలో చెంబు లేదు. ఫోన్‌లో వీడియో తీస్తూ ముందు నడుస్తున్న మా అమ్మాయిని ఆమె అడిగింది.

"మీరు ఈ వీధివాళ్ళేనా పాపా?"

"కాదు ఆంటీ. మేం తెల్లాపూర్. చూడ్డానికొచ్చాం."

పిల్ల చెప్పింది అబద్ధమేమీ కాదు. అయినా దాని వైపు తిరుగుదామంటే నెత్తిన దీపం ఉంది. పొద్దున్నుంచి ఆపుకున్నదంతా అక్కడ పొంగింది. నాకు ఆ గేటు వద్దు, ఆ మెట్టు వద్దు. రేకు తలుపు ముందు కొంగు బొడ్లో దోపుకుని చెంబుతో నిలబడే మా అమ్మ కావాలి. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు. ఒళ్ళంతా వణకడం మొదలైంది.

"ఒంటి మీదికొస్తున్నట్టుంది, నీళ్ళు పోయుండ్రి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. డప్పులవాళ్ళు నా చుట్టూ చేరి జోరు పెంచారు. ఇద్దరు ఆడవాళ్ళు నా మోచేతులు పట్టుకున్నారు. గేటు దగ్గరామె బిడ్డను చంకనేసుకునే లోపలికి పరుగెత్తి ప్లాస్టిక్ మగ్గుతో వచ్చింది. "ఎక్కడ పొయ్యాలండి?" అని భయంభయంగా అడిగింది. "కాళ్ళ మీద," అన్నారు ఎవరో. పోసింది.

పూనకం కాదు, ఏడుపు అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ గల్లీలో బోనం కింద నిలబడి ఆడది వణికిందంటే అర్థం ఒకటే. పైగా అన్ని చేతులు నన్ను పట్టుకుని ఉండటం నాకు కావలసే ఉంది. చిన్నమ్మ ముందుకొచ్చి, చేతులు జోడించి, పూనకం వచ్చినవాళ్ళను అడిగినట్టే అడిగింది.

"ఏం గావాలె తల్లీ? చెప్పు, ఏం గావాలె?"

"మా ఇల్లు," అన్నాను.

జోడించిన చేతులు విడిపోయాయి. చిన్నమ్మ నా మొహంలోకి చూసి, తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. డప్పులవాళ్ళకు సైగ చేసింది, చప్పుడు తగ్గింది. మా అమ్మాయి ఫోన్ దించి నా దగ్గరికి వచ్చింది.

"ఏది మమ్మీ, ఇదా మన ఇల్లు?"

ఊ అన్నాను.

"ఏ ఫ్లోర్?"

అప్పుడు ఫ్లోర్లు లేవని చెప్పాలి. చెప్పేలోపే అది తుంపర మొహాన పడుతున్నా తలెత్తి, కింది నుంచి పై దాకా ఒక్కో బాల్కనీనే చూస్తూ, మా ఇంటి కోసం వెతుకుతూ నిలబడింది.