అన్నయ్య ప్రొఫైల్లో స్విట్జర్లాండ్

ముందు రుజువున్న సంగతులు చెబుతాను. రెండువేల దశకం మధ్యలో మా అన్నయ్య పెళ్ళి కోసం ఇంటర్నెట్‌లో ఒక ప్రొఫైల్ పెట్టాం. అందులో ప్రయాణాల గురించి ఒక ప్రశ్న ఉంది. దానికి అన్నయ్య ఇచ్చిన జవాబు ఒకటి, తెర మీద కనిపించిన జవాబు మరొకటి. ఇవన్నీ నా కళ్ళతో చూసినవి. ఇక విన్నవి: ఆ ఒక్క జవాబును బట్టే ఆడపిల్లలు ప్రొఫైల్ చదవాలో వద్దో తేల్చుకుంటారని నెట్ సెంటర్ యజమాని అన్నాడు. అన్నయ్యకు ఇల్లు కదలడం ఇష్టం ఉండదని అమ్మ అంది. కదలనివాడికి పిల్లనెవరిస్తారని బంధువులంతా అనుకుంటున్నారని పెద్దమ్మ అంది. మొదటిదానికి ఆధారం చూపించమంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. రెండోది పూర్తిగా తప్పని తర్వాత తేలింది. మూడోదాన్ని పరీక్షించాలంటే బంధువులందరినీ కలవాలి. అంత ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. టైట్రేషన్ చేయకుండా పక్కవాడి రీడింగులు ఎక్కించిన విద్యార్థిని మొదటి పేజీలోనే పట్టుకోవడం నాకు అలవాటు. ఎవరేం చెప్పినా "ఎలా తెలుసు?" అనడం కూడా ఆ అలవాటులో భాగమే. ఇంట్లో దీన్ని సుగుణంగా ఎవరూ లెక్కించలేదు. అన్నయ్య కొండపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఆపరేటరు. అమ్మతో కలిసి భవానీపురంలో ఉండేవాడు. నాకు పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం. అన్నయ్యకు ముప్పై అయిదు దాటాయి. స్వీటు ప్లేటు ముందు కూర్చుని, పదిమంది చూస్తుంటే తలవంచుకుని, తర్వాత వారం రోజులు కబురు కోసం ఎదురుచూడడం అతనికి చాలాసార్లు జరిగింది. చివరికి ఒకనాడు అమ్మతో, ఇంటర్నెట్ ప్రయత్నం ఒక్కటీ చేద్దామనీ, ఇదీ కాకపోతే ఇక తన పెళ్ళి ఊసు ఇంట్లో ఎత్తవద్దనీ చెప్పాడు. మాట మీద నిలబడే మనిషి. అందుకే ఆ ప్రొఫైల్ నాకు అంత ముఖ్యమైంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద నెట్ సెంటర్ ఉండేది. దాని యజమాని గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకివ్వడంతో పాటు పెళ్ళి ప్రొఫైళ్ళు కూడా తయారుచేసేవాడు. చదువు, ఉద్యోగం, ఎత్తు వరకు ఇబ్బంది రాలేదు. తర్వాత వచ్చింది ఆ ప్రశ్న: రాబోయే రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్ళాలనుకుంటున్నారు, చదివేవారికి ఆసక్తి కలిగేలా కొన్ని వాక్యాల్లో రాయండి. అన్నయ్య దాన్ని నిదానంగా చదివి, "లేవు" అని రాయమన్నాడు.

యజమాని మౌస్ వదిలేసి వెనక్కి వాలాడు. "లేవు అంటే ఎలాగండీ? ఇది రేషన్ కార్డు కాదుగదా."

ఆ తర్వాత ఆయన తన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు చూపించాడు. కొత్త ప్రదేశాలు చూడటం తనకు ప్రాణమనీ, స్విట్జర్లాండ్ మంచుకొండల మధ్య జీవిత భాగస్వామితో నడవాలనీ, లాంగ్ డ్రైవ్‌లో పాత పాటలు వినాలనీ అందులో ఇంగ్లీషులో ఉంది. నేను పక్క కంప్యూటర్లో మన జిల్లా వరుల ప్రొఫైళ్ళు కొన్ని తెరిచి చూశాను. ఉయ్యూరు ఎరువుల వ్యాపారికీ, నూజివీడు మామిడితోటల ఆసామికీ, పటమటలో పళ్ళ డాక్టరుకూ అదే మంచు, అదే నడక, అవే పాత పాటలు. ఒక కామా తప్పు పడితే ఆ తప్పు కూడా అందరికీ ఒకచోటే పడింది. ఇది కాపీ కదా అంటే, అందరికీ పనిచేస్తున్న మందును మార్చడం దేనికని ఆయన నన్నే అడిగాడు. పనిచేసినట్టు ఆధారమేదన్నాను. పెళ్ళిళ్ళయ్యాయి కదా అన్నాడు. ఆ జవాబు లేకపోయినా అయ్యేవేమో కదా అన్నాను. అన్నయ్య నా మోచేయి పట్టుకుని, ఇంటికి పోదాం పదమన్నాడు. జవాబు ఖాళీగా ఉంచమని చెప్పి వచ్చేశాం.

ఇంట్లో ఇంకో తంటా. ఆ ఖాళీని నింపే హక్కు తమకే ఉందని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. పెద్దమ్మ సింగపూర్ రాయమంది; స్విట్జర్లాండ్ కంటే దగ్గర కాబట్టి అబద్ధం తక్కువవుతుందట. మా ఆయన ఊటీ అన్నాడు. అరకు అయితే మన రాష్ట్రమే కదా అని నేనే ఒకసారి అన్నాను గానీ, అన్నయ్యకు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులవుతాయని గుర్తొచ్చి మానుకున్నాను. పాస్‌పోర్టు లేనివాడు సింగపూర్ రాయకూడదనీ, మలుపు పడనివాడు కొండలు రాయకూడదనీ నేను పట్టుబట్టాను. అలా కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది ఏమీ లేదు. అన్నయ్యను కూర్చోబెట్టి, నీ ఆఫ్ రోజుల్లో ఏం చేస్తావని అడిగితే, ఏముంది, ఇట్టే గడిచిపోతుందన్నాడు. ఉప్పులో ఏ అయాన్ ఉందో కనుక్కోవడం నయం. కనీసం దానికి రంగన్నా మారుతుంది.

అమ్మ అభ్యంతరం వేరు. ఆమెకు ఆ ప్రశ్నే నచ్చలేదు. మా వైపు గడప దాటబోయేవాళ్ళను ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది. మరీ తప్పనిసరైతే "దూరమా?" అనాలి, వాళ్ళకు చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే "దగ్గరే" అని చెప్పులేసుకుంటారు. మా ఇంట్లో ఈ నియమం పిల్లలప్పటి నుంచీ కచ్చితంగా నడిచింది. బయటికి వెళ్ళకముందే ఎక్కడికని అడిగే కంపెనీలో సంబంధం ఏం కుదురుతుందని అమ్మ గొణిగింది. దీనికీ పని చెడడానికీ సంబంధమేమిటని నేను ఎప్పటిలాగే వాదించాను. ఆమె ఎప్పటిలాగే వినలేదు.

ఇంతలో, మేం ఖాళీగా ఉంచమన్న చోట యజమాని తన మంచుకొండలు అతికించేశాడు. అది మాకు ఎలా తెలిసిందంటే, బందరు నుంచి ఒకామె ఆ సైటు ద్వారానే ఉత్తరం పంపింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆమె అక్కడ హైస్కూల్లో సోషల్ టీచరు. మూడే వాక్యాలు: "మీరు స్విట్జర్లాండ్ వెళ్ళేది ఏ నెలలో? ఏ ఊళ్ళో దిగుతారు? మ్యాపులో చూద్దామని అడుగుతున్నాను."

ఆమె ప్రొఫైల్ తెరిచాం. ప్రయాణాల ప్రశ్నకు ఆమె రాసింది ఇది: కృష్ణ సముద్రంలో కలిసే చోటును ఏటా బోర్డు మీద గీసి చూపిస్తున్నాను, ఇంటికి ఇంత దగ్గరలో ఉన్నా ఇంతవరకు చూడలేదు, ముందు అది చూడాలి. అన్నయ్య ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. అతను ఒక అమ్మాయి ఫోటో మీద నుంచి చూపు తిప్పి ఆమె రాసిన మాటల దగ్గర ఆగడం నేను అదే మొదటిసారి చూశాను. ఆమె నిజం రాసింది. అన్నయ్య పేరు కింద ఊరందరి అబద్ధం ఉంది.

యజమాని మాత్రం ఉత్సాహంగా, జూన్ అని కొట్టేద్దామండీ అన్నాడు. ఆయనతో నేనన్న మాటలు ఇక్కడ రాయను. దారిలో ఆటోలో అన్నయ్య మీద కూడా విరుచుకుపడ్డాను. ఆమె అంత సూటిగా అడిగిందనీ, ఒక్క నిజమైన వాక్యం దొరికితే చాలుననీ, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎక్కడికైనా వెళ్ళి ఉండవా అనీ అడిగాను.

"వెళ్తూనే ఉంటాగా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆఫ్ వచ్చినప్పుడల్లా బండెక్కుతా. బందరు, నరసాపురం, రేపల్లె. చివరి స్టేషన్ దాకా పోయి వస్తా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడన్నా అడిగారా? అమ్మ దూరమా అంటది. దగ్గరే అంటా."

నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఒక మనిషి పన్నెండేళ్ళుగా డెల్టా రైలు మార్గాలన్నిటి కొసలూ చూసి వస్తుంటే, ఒకే కప్పు కింద ఉన్న అమ్మా, రెండు వీధుల అవతల ఉన్న నేనూ అతను ఇల్లు కదలడని నమ్ముతూ వచ్చాం. అతను కొండపల్లిలో స్నేహితుడి గదిలో పడుకుని వస్తాడని అమ్మ నమ్మకం. గడప దగ్గర నోరు మూసుకోవడం శకునం కోసం పుట్టిన నియమమే కావచ్చు. మా ఇంట్లో అది అజ్ఞానాన్ని పెంచే సాధనంగా చక్కగా పనిచేసింది.

పనేమీ లేకుండా చివరి స్టేషన్‌కు వెళ్ళడం ఎందుకన్నాను. చెప్పాడు. బండి కొసకు చేరాక ఇంజన్ విప్పి, పక్క లైను మీదుగా తెచ్చి, వెనక పెట్టెకు తగిలిస్తారు. అది చూసి, టీ తాగి, అదే బండిలో తిరిగొస్తాడు. "ప్లాంట్‌లో టర్బైన్ ఆగిందంటే మా ప్రాణాలు పోతయ్. అక్కడ బండి ఆగుద్ది. ఎవళ్ళూ కంగారుపడరు. అది చూడ్డం బాగుంటది."

ఈ మాటను కూడా నేను రుజువు లేకుండా ఒప్పుకోలేదు. అతని తర్వాతి ఆఫ్ రోజున కాలేజీకి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. గుడివాడ దాటాక కిటికీ పక్కన చేపల చెరువులు, వాటి మీద తిరిగే గాలిచక్రాల్లాంటి యంత్రాలు. అన్నయ్య సగం దారి నిద్రపోయాడు. బందరులో దిగగానే టీ కొట్టాయన అడగకుండానే చక్కెర తగ్గించిన గ్లాసు అతని చేతికిచ్చి, పోయిన వారం కనపడలేదేంటండీ అన్నాడు. అంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఇంజన్ విప్పుతుంటే అన్నయ్య ప్లాట్‌ఫారం చివర నిలబడి, గుళ్ళో హారతి చూసేవాళ్ళలా చూశాడు.

మర్నాడు నెట్ సెంటర్లో యజమానిని కుర్చీ లోంచి లేపి నేనే కూర్చున్నాను. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు ఆమెకు జవాబుగా రాశాను. స్విట్జర్లాండ్ తన మాట కాదనీ, దాన్ని తీసేయిస్తున్నాననీ మొదట. తర్వాత చివరి స్టేషన్లు, ఇంజను, టీ. సాగర సంగమం తానూ చూడలేదనీ, అక్కడికి రైలు లేకపోవడమే కారణమనీ చివర్లో. ఆ ఆఖరి మాట తీసేద్దామని నాకనిపించింది. అన్నయ్య ఒప్పుకోలేదు.

నిజం చెబితే మేలు జరుగుతుందనేది కూడా పరీక్షకు నిలవని సామెతే. వారం తిరక్కముందే ఆమె బాబాయి ఎంక్వైరీకి భవానీపురం వచ్చాడు. ఇస్త్రీ బండి దగ్గర, కిరాణా కొట్లో, మేడ మీద అద్దెకున్నవాళ్ళను అడిగాడు. అందరూ ఒకే మాట చెప్పారు: అబ్బాయి బంగారం, ఎక్కడికీ వెళ్ళడు. అబ్బాయేమో ప్రతి ఆఫ్‌కూ ఊళ్ళు తిరుగుతానని రాశాడు. పనిలేకుండా మాటిమాటికీ బందరు వచ్చే మగవాడికి బందర్లో ఎవరో ఉండి ఉంటారని ఆయన తేల్చాడు. తర్కం తప్పేమీ కాదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనుమానించేదాన్ని. అదే నాకు మరీ చిరాకు తెప్పించింది.

సంబంధం పోయిందని కబురొచ్చింది. అమ్మ మంచం పట్టినంత పని చేసింది. పెద్దమ్మ మాత్రం నన్నే చూస్తూ, "స్విట్జర్లాండ్ అయితే ఎంక్వైరీకి ఎవడూ వెళ్ళేవాడు కాదుగదే," అంది. అన్నయ్య ప్రొఫైల్ తీసేయించమన్నాడు.

తీసేయించడానికి వెళ్ళిన రోజున ఆమె నుంచి ఇంకో ఉత్తరం ఉంది. స్కూలు వదిలాక తాను స్వయంగా స్టేషన్‌కు వెళ్ళి టీ కొట్టాయన్ని అడిగాననీ, ఆయన మీ గురించి చెప్పిందంతా ఇంజన్ గురించేననీ రాసింది. తర్వాత వచ్చే ఆఫ్ ఎప్పుడో చెబితే నాన్నతో కలిసి ప్లాట్‌ఫారం మీదికి వస్తానంది. ఎంక్వైరీ మీద ఎంక్వైరీ చేసిన మనిషిని నేను అప్పటివరకు చూడలేదు. ఆ క్షణంలో నాకు ఆమె మీద కలిగిన గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

అలా స్వీటు ప్లేటు లేకుండా, బందరు స్టేషన్లో, మధ్యాహ్నపు ఎండలో చూపులు జరిగాయి. ఆమె తండ్రి పెద్దమనిషి. గొడుగు కింద నిలబడి నాతో ఎరువుల ధరల గురించి, పిల్లల మార్కుల గురించి మాట్లాడాడు. అన్నయ్యా ఆమే ఇంజన్ విప్పే చోటికి నడిచారు. విప్పడం, తిప్పడం, తగిలించడం అయ్యేవరకు అక్కడే ఉన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు ఆమె తండ్రితో, "నాకు సరేనండీ నాన్నగారూ," అంది, టిక్కెట్టు దొరికిందని చెప్పినంత మామూలుగా. అన్నయ్య నా వైపు చూసి తలూపాడు. ఆ తర్వాతి వేసవిలో పెళ్ళయింది.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ ఇంజన్ పక్కన వాళ్ళు ఏం మాట్లాడుకున్నారు? రెండు జీవితాలు అక్కడ నిర్ణయమయ్యాయి కాబట్టి తెలుసుకోవాలని నాకుంటుంది. అన్నయ్యను అడిగితే, తాను ఒక్క మాటా మాట్లాడలేదనీ, అంతా ఆమే మాట్లాడిందనీ అంటాడు. వదినను అడిగితే, తాను నోరే తెరవలేదనీ, మీ అన్నయ్య ఆపితేగా అనీ అంటుంది. విడివిడిగా అడిగాను, కలిపి అడిగాను, ఏళ్ళ ఎడంతో మళ్ళీ అడిగాను. ఇద్దరి వాంగ్మూలమూ మారలేదు, ఒకదానితో ఒకటి కలవనూ లేదు. మూడో సాక్షి ఇంజన్ డ్రైవరు. ఆ డీజిల్ మోతలో ఆయనకు మాత్రం ఏం వినపడి ఉంటుంది?